ఊడుపుల్లోకి దిగేముందు మోకాలి సంగతి చూసుకోండి

ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలి ఆకుమడి పోశాక, ఊడుపులకు మూడు నాలుగు వారాలు పడుతుంది. కొత్తగా మోకాలి నొప్పి మొదలైనవాళ్లు ఏం చేసుకోవాలన్నా ఈలోపే. ముఠాతో చేలో దిగాక ఒక్కరు ఆగితే వరస ఆగుతుంది. అందుకని ఎవరూ ఆగరు, బిళ్ళ వేసుకుని వంగుతారు.

నొప్పి రాగానే మన ఊళ్లలో పేరు సిద్ధంగా ఉంటుంది: వాయువనో, గుజ్జు అరిగిందనో, వయసనో. నలభై దాటినవాళ్లకు ఎక్స్‌రే తీస్తే, నొప్పి లేని మోకాల్లోనూ కొంత అరుగుదల కనబడొచ్చు. ఆ ఫిల్ము చూసి ఇక అయిపోయిందని మంచమెక్కితే తొడ కండ కరుగుతుంది. మోకాలి చిప్పను పట్టి ఉంచేది ఆ కండే. అలాగని సూదిమందు వేయించుకుని మర్నాడే బురదలో దిగినా తప్పే. నొప్పి తెలియదు గానీ లోపలి దెబ్బ అక్కడే ఉంటుంది.

పేరు పెట్టేముందు మోకాలిని చూడండి. మంచం మీద రెండు కాళ్లూ చాపి కూర్చుంటే చిప్పకు లోపలి పక్క చిన్న గుంట ఉంటుంది. రెండో మోకాలితో పోల్చండి. అరచేత్తో ఆ గుంటను కింద నుంచి పైకి మూడు నాలుగుసార్లు నిమిరి, వెంటనే చిప్పకు బయటి పక్క పై నుంచి కిందికి నిమరండి. గుంట మళ్లీ అలలా ఉబ్బితే కీలులో నీరు చేరినట్టు. నీరున్న మోకాలికి తొడ కండ సరిగ్గా బిగుసుకోదు. బురదలో ఉన్నట్టుండి కాలు జారవిడుస్తుంది. ఆ వాపు తగ్గేదాకా ఊడుపు మానాల్సిందే, ఇందులో మొహమాటం పనికిరాదు. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. కొత్త వాపు మీద వేడి కాపడం, గట్టి మర్దన వద్దు.

వాపు లేకుండా, మెట్లు దిగేటప్పుడూ గొంతుక్కూర్చుని లేచేటప్పుడూ చిప్ప ముందు నొప్పి వస్తుంటే, చాలామందికి కండ బలంతోనే నెమ్మదిస్తుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి 5 లెక్కపెట్టి దించండి. పదేసి చొప్పున మూడు విడతలు, పూటకోసారి. వారం పోయాక చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటి పొద్దుటికి తగ్గకపోతే లెక్క సగం చేయండి.

కాలు మెలిపడ్డాక నొప్పి మొదలై, మోకాలు మధ్యలో పట్టేసి పూర్తిగా చాపలేకపోతుంటే అది వేరు. లోపలి మెత్తని పొర చిరిగి ఉండొచ్చు. ఎముకల డాక్టరుగారికి చూపించండి. బురద చేసే చేటు ఇదే: పాదం దిగబడి ఉంటుంది, ఒళ్లు తిరుగుతుంది, మెలిక మోకాలి మీద పడుతుంది. ఊడ్చేటప్పుడు వెనక్కి జరిగే ప్రతిసారీ ముందు మడమ ఎత్తి పాదం ఊడదీసుకోండి, ఆ తర్వాతే పక్కకు తిరగండి. ఆకుతీతకు గొంతుక్కూర్చోకుండా పీట వేసుకోండి. జారే గట్టు మీద పెద్ద మోపు ఒక్కసారి మోసేకన్నా చిన్న మోపులు రెండుసార్లు మేలు.

మందుల దగ్గరే ఎక్కువ చెడిపోతున్నాం. ముందుగా డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడండి. లోపలికైతే పారాసెటమాల్ 650 బిళ్ళ, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా. లివరు జబ్బున్నవాళ్లు, రోజూ తాగేవాళ్లు అడిగే వేసుకోవాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు పరగడుపున వేసుకుంటూ, చెమటోడ్చి నీళ్లు తాగకుండా పనిచేస్తే పొట్టలో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ మందు వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. పొట్లం కట్టి ఇచ్చే రంగురంగుల బిళ్ళల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. మంత్రం వేసినట్టు పనిచేస్తుంది, షుగరు పెంచుతుంది, ఎముకను గుల్ల చేస్తుంది. ప్రతి బిళ్ళ పేరూ రాయించుకోండి.

జ్వరంతో పాటు చేతులకూ కాళ్లకూ కీళ్లు పట్టేస్తే అది అరుగుదల కాదు. 2006లో చికున్‌గున్యా చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. డెంగ్యూ కూడా అలాగే మొదలవ్వొచ్చు. కాదని పరీక్షలో తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు, రక్తస్రావం కావొచ్చు. పారాసెటమాల్ ఒక్కటే.

ఒకే మోకాలు ఎర్రబడి, వేడెక్కి, కదపలేనంత నొప్పితో జ్వరం వస్తే కీలులో చీము పడుతుండొచ్చు. తెల్లారేదాకా ఆగకండి, ఆ పూటే ఆసుపత్రికి. పడ్డాక కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బినా, కాలు మీద బరువు వేయలేకపోయినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా అంతే. వాహనం లేకపోతే 108.

బోదకాలున్నవాళ్లు చేలోంచి రాగానే వేళ్ల సందులు సబ్బుతో కడిగి తడి లేకుండా తుడుచుకోవాలి. ఒరిసిన చోటునుంచే సూక్ష్మజీవులు లోపలికి పోయి కాలంతా వాస్తుంది.

చేతికర్ర నొప్పి లేని వైపు చేత్తో పట్టాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మొదటిరోజు సగం పూటే ఊడ్చి, రాత్రికి మళ్లీ ఆ గుంట చూసుకోండి. నిండి ఉంటే మర్నాడు గట్టు మీద కట్టలందించే పని అడగండి.