ఫౌంటెన్స్ అబ్బేకి వెళ్తే ఆ శిథిలాల్ని ఎలా చూడాలి

యూకేలో ఉండే మనవాళ్ళు చాలామంది యార్క్‌షైర్ వైపు వెళ్ళినప్పుడు రిపన్ దగ్గర ఉన్న ఫౌంటెన్స్ అబ్బే అనే పాత క్రైస్తవ మఠం శిథిలాలకి కూడా వెళ్తుంటారు, టవర్ ముందు నాలుగు ఫోటోలు దిగి, గడ్డిలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేస్తారు. అందులో తప్పేం లేదు కానీ ఏ వరసలో చూడాలో తెలిస్తే 400 ఏళ్ళ కథంతా ఆ గోడల్లోనే కనపడిపోతుంది, అది మిస్సవ్వకండి.

ముందు ఇంత తెలిస్తే చాలు. 1132లో యార్క్‌లో సెయింట్ మేరీస్ మఠంలో నియమాలు గట్టిగా పాటించట్లేదని గొడవపడి 13 మంది సన్యాసులు బయటికొచ్చేశారు, ఆర్చ్‌బిషప్ థర్‌స్టన్ వాళ్ళకి స్కెల్ అనే ఏరు పక్కన ఈ లోయలో చోటిచ్చాడు. 1135లో సిస్టర్షియన్ శాఖలో కలిశారు. వీళ్ళ పద్ధతేంటంటే ఊళ్ళకి దూరంగా, ఆడంబరం లేకుండా, సొంత కష్టం మీద బతకడం.

లోపలికెళ్ళగానే అందరూ చర్చిలోకి పోతారు, మీరు మాత్రం పడమటి వైపు సెల్లారియం అనే పొడవాటి హాలుతో మొదలుపెట్టండి. సుమారు 300 అడుగుల పొడవు, మధ్యలో ఒకే వరస స్తంభాలు, వాటి మీంచి రాతి కమానులు అటూ ఇటూ విచ్చుకుని ఉంటాయి, మిగతా మఠం కప్పులు చాలావరకు పోయినా ఇది మాత్రం చెక్కుచెదరలేదు. ఒక చివర నిలబడి రెండో చివరకి చూడండి, అసలు ఇంత బిల్డింగ్ ఎవరికోసం అనిపిస్తుంది. లే బ్రదర్స్ అని, వీళ్ళూ మఠంవాళ్ళే గానీ పూజల కంటే ఒళ్ళొంచి చేసే పనే ఎక్కువ, వాళ్ళకోసం. కింద సరుకుల స్టోరు, వాళ్ళ భోజనశాల, పైన పడక. గొర్రెలు, పొలాలు, మిల్లు అన్నీ నడిచింది వీళ్ళ చేతుల మీదే, ఇక్కడి ఉన్ని ఇటలీ వ్యాపారులు కొనుక్కెళ్ళేవాళ్ళు, మఠానికి అంత డబ్బు అలా వచ్చింది. నన్నడిగితే మొత్తంలో బెస్ట్ ప్లేస్ ఇదే.

తర్వాత నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. కొన్ని కట్టడాలు ఏటి మీదకే వచ్చి ఉంటాయి, మరుగుదొడ్లు కావాలనే అలా కట్టారు, కింద పారే నీళ్ళే శుభ్రం చేసేస్తాయి. నీళ్ళయ్యాక నిప్పు, పెద్ద పొయ్యి ఉన్న గదిని వెతకండి, యార్క్‌షైర్ చలికాలంలో సన్యాసులు కాసేపు ఒళ్ళు కాచుకునే గది అది. పక్కనే భోజనశాల, గోడలోపలే మెట్లు కట్టి ఉంటాయి చూడండి, తినేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, ఒకాయన ఆ మెట్లెక్కి పైనుంచి గ్రంథం చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ తినాలి.

చర్చిలోకి ఇప్పుడు వెళ్ళండి. కింద కమానులు కొసదేరి, పైన కిటికీల తలలు గుండ్రంగా ఉంటే అది 12వ శతాబ్దం పని, పాత పద్ధతి పోయి కొత్తది వస్తున్న రోజులు. తూర్పు చివర నైన్ ఆల్టర్స్ చాపెల్‌లో సన్నగా పొడుగ్గా ఉన్న కిటికీలు 13వ శతాబ్దానివి.

టవర్ ఆఖర్లో చూడండి. మార్మడ్యూక్ హ్యూబీ అనే మఠాధిపతి 1500 ప్రాంతంలో కట్టించాడు, ఎత్తు 160 అడుగులు పైనే. ఇలాంటి గోపురాలు వద్దని సిస్టర్షియన్ల పాత నియమం, అంటే ఏ ఆడంబరం వద్దని 13 మంది యార్క్ నుంచి నడిచొచ్చారో ఆ మఠమే ఇది కట్టింది, నాకైతే అక్కడ నిలబడితే నిజంగా బాధేస్తుంది. లోపలికెళ్ళి తలెత్తితే అంతస్తుల్లేవు, కప్పు లేదు, ఆకాశమే. 1539లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాడు, ఆ తర్వాత పైకప్పుల మీది సీసం ఊడదీసి కరిగించి అమ్ముకున్నారు, సీసం పోయాక వాన దిగింది, కలప కుళ్ళింది, మిగతా పని దానంతటదే అయిపోయింది.

రాళ్ళు ఎటు పోయాయో కూడా చూసి రండి, పడమటి గేటు దగ్గర ఫౌంటెన్స్ హాల్ అనే బంగళా ఉంది, 1600 ప్రాంతంలో స్టీఫెన్ ప్రోక్టర్ కొంతవరకు ఈ మఠం రాళ్ళతోనే కట్టించుకున్నాడు. టైముంటే అటునుంచి తూర్పుగా స్టడ్లీ రాయల్ తోటల్లోకి నడవండి, 1767లో ఆ తోటల యజమాని విలియం ఐస్లబీ ఈ శిథిలాల్ని కొని తన తోటలో కలిపేసుకున్నాడు. నడక చాలా ఉంటుంది, వానపడితే గడ్డి జారుతుంది, మంచి షూస్ వేసుకెళ్ళండి.