కొండవాలు ఇళ్లు, ఫాల్ట్ మీది స్థలాలు: బే ఏరియాలో వానలకు ముందే చూసుకోవాల్సినవి

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియాలో, ఫ్రీమాంట్‌లోనో, హేవార్డ్‌లోనో, శాన్ రమోన్‌లోనో ఇల్లు వెతికే మనవాళ్లు ముందు స్కూలు రేటింగు అడుగుతారు, తర్వాత తూర్పు ముఖమా కాదా అని చూస్తారు, ఆ పైన ఆఫీసు ఎంత దూరమో లెక్కేస్తారు. అన్నీ అడగాల్సినవే. కానీ ఇంటి కింద నేల సంగతి అడిగినవాళ్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. ఈలోగా ఇల్లు కొనబోతున్నవాళ్లూ, అమ్మానాన్నలు వస్తే ఉండటానికి పెరట్లో చిన్న ఇల్లు, అదే ఏడీయూ, కట్టించాలనుకునేవాళ్లూ ఇది ఒకసారి చదవండి.

హేవార్డ్‌లో రోజ్, ప్రాస్పెక్ట్ వీధులు కలిసే మూల ఒకటుంది. రోడ్డు అంచున సిమెంటు గట్టు ఒకప్పుడు తిన్నగా పోసిందే. ఏ పెద్ద భూకంపమూ రాకుండానే అది మధ్యలో తెగి, ఒక ముక్క పక్కకు జరుగుతూ జరుగుతూ దాదాపు జానెడు దూరం పోయింది. 2016లో వీల్‌చెయిర్ ర్యాంపు కోసం దాన్ని తీసేశారు గానీ, అడుగున హేవార్డ్ ఫాల్ట్ (నేల కింద రాతిపొరలు చీలి, ఒకదాని పక్కగా ఒకటి జరిగే పగులు) మాత్రం ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఇది నెమ్మది కదలిక. 1868 అక్టోబరు 21న ఇదే ఫాల్ట్ ఒక్కసారిగా కదిలినప్పుడు హేవార్డ్ ఊరు చాలావరకు కూలిపోయింది. ఫ్రీమాంట్ బార్ట్ రైలు స్టేషన్ దగ్గర టూలీ పాండ్ అనే చెరువు పక్కన కందకాలు తవ్వి మట్టి పొరలు చదివితే అలాంటి భూకంపాలు వరసగా ఎన్నో బయటపడ్డాయి. ఈ ఫాల్ట్ ఫ్రీమాంట్ ఊరి మధ్య నుంచే పోతుంది.

ఇక రూల్స్. 1971 ఫిబ్రవరిలో శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత, 1972లో కాలిఫోర్నియాలో ఆల్క్విస్ట్-ప్రియోలో చట్టం వచ్చింది. కదులుతున్న ఫాల్ట్ గీత మీద మనుషులు ఉండే కట్టడం కట్టకూడదన్నది దాని సారం. మామూలుగా గీత నుంచి 50 అడుగులు వదలాలి. గీత ఎక్కడుందో తేల్చడానికి జియాలజిస్టు స్థలంలో కందకం తవ్వించి రిపోర్టు ఇస్తాడు, దాన్ని నగరం తరఫున మరో జియాలజిస్టు చూస్తాడు. రాష్ట్రం మ్యాపులో ఫాల్ట్ చుట్టూ చూపించే జోన్ సగటున పావు మైలు వెడల్పు ఉంటుంది. కాబట్టి జోన్‌లో ఉందనగానే గీత మీ వంటింటి కిందే ఉన్నట్టు కాదు, బెదిరిపోకండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. రెండంతస్తులు దాటని చెక్క ఫ్రేము ఇల్లు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్ల ప్రాజెక్టులో భాగం కాకపోతే, రాష్ట్ర చట్టం దానికి మినహాయింపు ఇస్తుంది. ఇంటి విలువలో సగం మించని మార్పులకూ అంతే. మీరు కట్టించే గది ఈ మినహాయింపులోకి రావచ్చు. అంతమాత్రాన కింద నేల మంచిదని ఎవరూ చెప్పినట్టు కాదు. నగరం ఇంతకంటే గట్టి రూలు పెట్టుకోవచ్చు కూడా. ప్లాన్ గీయించకముందే పర్మిట్ కౌంటరుకు వెళ్లి, మీ పార్సెల్ నంబరు, అంటే స్థలం నంబరు, ఇచ్చి అడగండి. అమ్మానాన్నలు పడుకునే గది అది. మినహాయింపు ఉన్నా సరే, జియాలజిస్టుకు డబ్బు పెట్టమనే నేను చెబుతాను.

రెండో చట్టం 1990 నాటిది, 1989 లోమా ప్రియెటా భూకంపం తర్వాత వచ్చింది. ఇది కొండచరియలు విరిగే చోట్లనూ, లిక్విఫాక్షన్ చోట్లనూ గుర్తిస్తుంది. నీళ్లు నిండిన ఇసుక నేల కుదుపుకి అడుసులా మారి, పునాది కుంగిపోవడమే లిక్విఫాక్షన్. కొండ దగ్గర లేం కదా అని బే ఒడ్డున పల్లపు నేలలో ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇల్లు అమ్మేవాళ్లు మీకు ఎన్‌హెచ్‌డీ (నేచురల్ హజార్డ్ డిస్‌క్లోజర్), అంటే స్థలానికున్న ప్రకృతి ప్రమాదాలు తెలిపే పత్రం, ఇచ్చి తీరాలి. డజన్ల సంతకాల మధ్య అదీ ఒకటిగా పోతుంది. దయచేసి ఆగి చదవండి. ఫాల్ట్ జోన్, కొండచరియల జోన్, లిక్విఫాక్షన్ జోన్ విడివిడిగా ఉంటాయి. కొన్నింటి పక్కన ‘అవును’, ‘కాదు’ కాకుండా ‘మ్యాపు ఇంకా విడుదల కాలేదు’ అని ఉండొచ్చు. అది ‘కాదు’ కిందకి రాదు. కాలిఫోర్నియా జియలాజికల్ సర్వే వాళ్ల వెబ్‌సైటులో అడ్రసు కొట్టి మీరే చూసుకోవచ్చు. కంటింజెన్సీ గడువు, అంటే డిపాజిట్ పోకుండా కొనుగోలు మానుకోవడానికి ఉన్న గడువు, ముగియకముందే చూడండి, తర్వాత వెనక్కి తగ్గితే డిపాజిట్ పోయే ప్రమాదం ఉంది.

మా బావగారితో ఒకసారి కొండవాలు ఇల్లు చూడటానికి వెళ్లాను. కొత్త రంగు, మెరిసే ఫ్లోరింగు. బెడ్‌రూమ్ తలుపు వేయబోతే పైమూల ఇరుక్కుంది. బయటికొచ్చి చూస్తే వెనక గోడ కొండవైపు నుంచి బయటకు ఉబ్బి ఉంది, పక్కన కంచె కర్రలు వాలువైపు ఒరిగి ఉన్నాయి. గోడలోంచి నీళ్లు కారడానికి పెట్టిన రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయి. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిసి కనబడేసరికి మేం ఆ ఇల్లు వదులుకున్నాం. మామూలు హోమ్ ఇన్‌స్పెక్టరు నేల సంగతి చూడడు. వాలు మీది ఇల్లయితే ఇంజనీరింగ్ జియాలజిస్టును విడిగా పిలవాలి.

పెరట్లో వాలు చదును చేసి రిటైనింగ్ వాల్, అంటే మట్టి జారకుండా ఆపే గోడ, కట్టే ముందు ఒక కొలత గుర్తుంచుకోండి. పునాది అడుగు నుంచి గోడ పైఅంచు దాకా 4 అడుగులు దాటితే పర్మిట్ కావాలి. నేల పైనుంచి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. గోడ వెనక వాలో, కారు నిలిపే చోటో ఉండి అదనపు బరువు పడుతుంటే తక్కువ ఎత్తు గోడకీ పర్మిట్ కావాలి. పర్మిట్ లేకుండా చవగ్గా కట్టిస్తామనే కాంట్రాక్టరును దగ్గరికి రానివ్వకండి.

ఫ్రీమాంట్ పక్కనున్న మిషన్ పీక్ కొండ మీద 1998 మార్చిలో, ఎడతెరిపిలేని వానల శీతాకాలంలో, కొండ పెద్దఎత్తున జారింది. మనూళ్లలోనూ చూశాం, 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో వానకి కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. రెండుచోట్లా కొండని కదిలించింది నీళ్లే. అందుకే సెప్టెంబరులోనే గట్టర్లు శుభ్రం చేయించండి. పైకప్పు నీళ్లు వాలు మీదకు కాకుండా గొట్టంలో డ్రైనుకు పోవాలి. వాలు మీది పాత చెట్లు కొట్టించకండి, వాటి వేళ్లే మట్టిని పట్టి ఉంచుతాయి. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. మామూలు పాలసీ భూకంపానికీ, కొండచరియలకీ వర్తించదు. భూకంపానికి విడిగా తీసుకోవాలి.

జోరువానలో వాలు మీద కొత్త పగులు కనబడినా, మునుపు తేటగా వచ్చిన ఊటనీరు ఒక్కసారిగా బురదగా మారినా, చెట్లు విరుగుతున్న చప్పుడు వినబడినా సామాన్ల కోసం ఆగకండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని, కొండ జారే దారి నుంచి పక్కకు తప్పుకుని, దూరంగా వెళ్లిపోయి 911కి ఫోన్ చేయండి. పాస్‌పోర్టులు, అమ్మానాన్నల మందులు ఒక సంచిలో పెట్టి ఇప్పుడే తలుపు దగ్గర ఉంచండి.