పద్యంలో పోలికను పట్టుకోవాలంటే ముందు కొలిమి దగ్గరికి వెళ్లాలి

పోయిన నెల మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. దోస్తు పెళ్లిలో చదవడానికి కవిత రాశాడట. మొదటి లైను: "నువ్వు సముద్రం, నేను అలని."

"సముద్రం ఎప్పుడు చూశావురా?" అన్నాను.

"చూడలేదు మామా. ఫోన్లో చూసిన."

వాడిది జగిత్యాల పక్కన పల్లె. సముద్రం చూడకపోవడం తప్పేం కాదు. కానీ చూడనిదాన్ని తెచ్చి ప్రాణస్నేహితుడి పక్కన నిలబెడితే ఆ స్నేహితుడు కూడా కనపడకుండా పోతాడు. ఆ రోజు వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను తెలుగు పండితుణ్ణి కాను. కమ్మరి ఇంట్లో పుట్టి, ఇప్పుడు వెల్డింగ్ షాపు నడుపుకుంటున్నవాణ్ణి. పద్యాలంటే పిచ్చి, అంతే.

ప్రేమ మీదో స్నేహం మీదో ఉన్న పద్యం చేతికొస్తే అందులో ఏ అలంకారం ఉందని వెతక్కండి. ముందు కీలు వెతకండి. తలుపుకు కీలు ఉన్నట్టు పోలికకూ ఒక మాట ఉంటుంది: వలె, లాగా, పోలిక, ఈ గతిన్. సుమతీ శతకంలో "ఎప్పుడు సంపద గలిగిన" పద్యం చూడండి. సంపద ఉన్నప్పుడు బంధువులు వస్తారని చెప్పి, "అది యెట్లన్నన్" అని ఆగుతాడు కవి. అదే కీలు. అటువైపు నిండిన చెరువు, పదివేల కప్పలు. ఇటు చుట్టాలు, అటు కప్పలు. బడిలో నవ్వుకున్నాం గానీ, ఇంటికి పెద్ద ఖర్చు వచ్చిపడ్డప్పుడు ఆ పద్యం నాకు మళ్లీ గుర్తొచ్చింది.

కీలు దొరికాక, పోలికగా తెచ్చిన వస్తువు దగ్గరికి వెళ్లాలి. నిజంగానే వెళ్లాలి. అందరూ దాటేసే పని ఇదే. వేమన పద్యం తీసుకోండి:

ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు
కాచి యతుకవచ్చు క్రమముగాను
మనసు విరిగెనేని మరియంట నేర్చునా
విశ్వదాభిరామ వినురవేమ

విరిగిన ఇనుము అతుకుతుంది, విరిగిన మనసు అతకదు. చాలామంది ఇంతటితో పుస్తకం మూసేస్తారు. నేను మాత్రం మా బాపు కొలిమి దగ్గర తిత్తి ఊదినవాణ్ణి. ఏరువాకకు ముందు నాగటి కర్రులు వరసగా వచ్చేవి. విరిగిన రెండు ముక్కల్ని బొగ్గుల్లో పెట్టి ఎర్రగా కాదు, తెల్లబారి నిప్పురవ్వలు రాలేదాకా కాల్చాలి. మీద సన్నటి ఇసుక చల్లితే కాలిన ఇనుము మీద పొరలా కట్టిన పొక్కు కరిగి జారిపోతుంది. అప్పుడు పట్టకారుతో దాగలి మీదికి, అంటే సుత్తి దెబ్బలు వేసే ఇనుప దిమ్మె మీదికి లాగి, చల్లారేలోపు దెబ్బ పడాలి. ఒక్క కాపుకు అతకదు. మళ్లీ కొలిమిలోకి, మళ్లీ దాగలి మీదికి. బాపు అనేవాడు: "తక్కువ కాలితే అతకది, ఎక్కువ కాలితే ఇనుమే పోతది."

ఇప్పుడు పద్యం మళ్లీ చదవండి. "ఇనుమారు ముమ్మారు" అన్నది గణం కోసం నింపిన మాట కాదు. రెండుసార్లు, మూడుసార్లు కాచాల్సిందే. "క్రమముగాను" అన్నది కూడా కొలిమి మాటే. ఇనుము అతకడమే ఇంత కష్టమని చెప్పి, మనసు దానికంటే కష్టమంటున్నాడు వేమన. ఇనుము సంగతి సులువనుకుని చదివితే పద్యం బరువు సగం పోతుంది.

ఆ తర్వాత, పోలిక ఎక్కడ తెగుతుందో చూడాలి. ఏ పోలికా చివరిదాకా రాదు. సంస్కృత కవి భర్తృహరి శ్లోకం ఒకటుంది, దాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశాడు. చెడ్డవాడి స్నేహం పొద్దుటి నీడలాంటిది, మొదట పొడుగ్గా ఉండి తరిగిపోతుంది. మంచివాడిది మధ్యాహ్నం తర్వాతి నీడ, చిన్నగా మొదలై పెరుగుతుంది. ఒక ఆదివారం పెరట్లో కర్ర పాతి గంటగంటకూ గీత గీయండి. మే నెలైతే ఇంకా మంచిది, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. చెడ్డ స్నేహం ఎంతదాకా తరుగుతుందో కంటికి కనపడుతుంది. కానీ పొద్దుగూకితే మంచివాడి నీడ కూడా పోతుంది కదా? పోతుంది. కవి అక్కడిదాకా వెళ్లలేదు. ఎక్కడ ఆగాలో తెలిసినవాడు.

లక్ష్మణకవిదే పాలూ నీళ్ల పద్యం ఇంకో మెట్టు పైన ఉంటుంది. "క్షీరము మున్ను నీటి కొసగెన్ స్వగుణంబులు" అని మొదలవుతుంది. పాలు తమ గుణాలన్నీ నీటికి ఇచ్చాయి. పాలు కాగుతుంటే చూడలేక నీరు ముందుగా మంటకు ఆహుతయింది. స్నేహితుడి కష్టం చూసి పాలు కూడా మంటలో దూకడానికి పైకి లేచాయి. నీళ్లు చల్లగానే, స్నేహితుడు తిరిగొచ్చాడని శాంతించాయి. "మహాత్ముల మైత్రి యీ గతిన్."

ఈ పద్యాన్ని స్టవ్ దగ్గర నిలబడి చదవాలి. ముందు ఆవిరి లేస్తుంది, తర్వాత పొంగు, చారెడు నీళ్లు చల్లితే దిగుతుంది. కవి వరస ఎక్కడా తప్పలేదు. పాలు పొంగేది మీగడ కింద చిక్కుకున్న ఆవిరి వల్లనని మనకు తెలుసు. ఆ కారణం తీసేసి స్నేహం అనే కారణం పెట్టాడు. ఇలా జరిగేదాన్ని ఉన్నదున్నట్టు చూపించి, కారణాన్ని మాత్రం ఊహించి చెబితే అది ఉత్ప్రేక్ష దారి. పేరు మరిచిపోయినా ఫర్వాలేదు, పాలు మాత్రం మాడనివ్వకండి.

ప్రేమ దగ్గరికొస్తే కీలు తరచుగా కనపడదు. పోలిక క్రియలో దాక్కుంటుంది. నండూరి సుబ్బారావు ఎంకి పాటల్లో, ఎంకిని ప్రేమించిన నాయుడు బావ అంటాడు:

గుండె గొంతుకలోన కొట్లాడుతాది
కూకుండనీదురా కూసింతసేపు

ఇక్కడ మాట మార్చి చూడండి. "గుండె ఛాతీలో కొట్టుకుంటుంది" అని రాస్తే అది డాక్టరు రాసే మాట. చోటు ఛాతీ నుంచి గొంతుకకు మారింది, కొట్టుకోవడం కాస్తా కొట్లాడడం అయింది. గొంతుకలో మాట ఉండాల్సిన చోట గుండె ఉంది, అందుకే మాట రాదు. ఇంకా ఒకటి: కూర్చోనివ్వనిది ఎవరు? గుండెనా, ఎంకినా? రెండూ సరిపోతాయి, తేల్చకండి. ఆ "రా" ఎవరికి? ఎదురుగా ఓ దోస్తు కూర్చుని వింటున్నాడన్నమాట. ఒక్క అక్షరంలో ప్రేమపాటలోకి స్నేహితుడు వచ్చి కూర్చున్నాడు. ప్రేమపాట చదివేటప్పుడు ఎవరు, ఎవరితో చెబుతున్నారని అడగమనేది ఇందుకే.

అరిగిపోయిన పోలికలంటే తామర కళ్లు, చంద్రుడి ముఖం. వాటిని చూసి వెంటనే విసుక్కోవద్దు. మనుచరిత్ర కావ్యంలో, ప్రవరుణ్ణి చూసి మనసుపడ్డ వరూధినికి "నయనాంబుజముల్ వికసింప" అన్నాడు పెద్దన. కళ్లు తామరలే, కానీ విచ్చుకున్నాయి. తామర విచ్చుకునేది సూర్యుడొస్తే. ప్రవరుడు సూర్యుడని ఎక్కడా అనకుండానే అనేశాడు. పాత పోలికకు ప్రాణం క్రియలో ఉంటుంది.

ఇదంతా విని మా వాడు, "మరి నేనేం రాయాలి మామా?" అన్నాడు.

"మీ ఇద్దరి చేతులూ పడ్డ వస్తువులు చెప్పు" అన్నాను.

కాసేపు ఆలోచించి, పాత బైకు ఒకటుందన్నాడు. పాలిటెక్నిక్‌కు రోజూ ఇద్దరూ దాని మీదే వెళ్లేవారు. పెట్రోల్ అయిపోతే నాబ్ తిప్పి రిజర్వులో పెట్టి ఇంటికి చేరేవారు. రాత్రి పది గంటలకు మెసేజ్ పంపాడు: "అంతా అయిపోయిందనుకున్నాక నన్ను ఊరికి చేర్చిన రిజర్వువు నువ్వు."

సముద్రం పోయింది. నేను ఫోన్ చేసి, బండి ఎవరిదని అడిగాను.

"బండి వాడిది. పెట్రోల్ పైసలు నావి."

అది కూడా రాయమన్నాను.