137 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతోందా? ఫెర్రైట్ కోర్ సమస్యలు, పరిష్కారాలు

136 (137 ఇందులోదే), 472 కిలోహెర్ట్జ్ బ్యాండ్లకు ట్రాన్స్‌మిటర్ కట్టే హ్యామ్‌లు (అభిరుచి కొద్దీ రేడియో నడిపేవారు) అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలగానే కోర్ మెటీరియల్‌ను అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు చుట్లది. కొత్త కోర్ కొనేముందు అది తేల్చుకోండి.

కోర్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది

వేడి కోర్‌దా, తీగదా? పుష్‌పుల్ క్లాస్-డి స్టేజీ (ట్రాన్సిస్టర్లు వంతులవారీగా స్విచ్ అయ్యేది) అయితే సెకండరీని ఫిల్టర్ నుంచి విడదీసి, లోడ్ లేకుండా కొన్ని నిమిషాలు నడపండి. (క్లాస్-ఈ స్టేజీతో ఈ పరీక్ష వద్దు, స్విచింగ్ ట్రాన్సిస్టరైన ఎఫ్ఈటీ పోతుంది.) అప్పుడూ కాలితే అది కోర్ నష్టమే. కోర్‌లో ఫ్లక్స్‌ను (అయస్కాంత ప్రవాహాన్ని) నిర్ణయించేవి వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, చుట్లు, కోర్ అడ్డుకోత వైశాల్యం. లోడ్ కరెంటుకు అందులో పెద్దగా పాత్ర లేదు.

లెక్క ఇది: వోల్టేజిని 4.44 × ఫ్రీక్వెన్సీ × చుట్లు × వైశాల్యంతో భాగిస్తే ఫ్లక్స్ సాంద్రత వస్తుంది. చదరపు తరంగమైతే 4.44 బదులు 4 వేయండి. 50 ఓమ్‌లలో 200 వాట్లంటే 100 వోల్టులు. ఈటీడీ49 అనే సైజు కోర్ వైశాల్యం 211 చదరపు మిల్లీమీటర్లు. 137 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ 50 ఓమ్‌ల వైపు 4 చుట్లే వేస్తే 195 మిల్లీటెస్లా. ఎన్87 అనే ఫెర్రైట్ రకం కోర్ సాచురేట్ కాదు (ఫ్లక్స్‌తో నిండిపోదు) గానీ, పది వాట్లకు పైగా వేడిగా పోతుంది. 8 చుట్లు వేస్తే 97 మిల్లీటెస్లా, నష్టం దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. రెండో వైండింగ్‌ను కూడా అదే నిష్పత్తిలో పెంచాలి. నా మటుకు నేను 100 మిల్లీటెస్లా దాటనివ్వను. చుట్లకు చోటు లేకపోతే రెండు కోర్లు పక్కపక్కన పేర్చి వైశాల్యం పెంచండి.

కాసేపు బాగుంటుంది, తర్వాత వేడి ఆగదు

ఎన్87, 3సి90 రకాలకు నష్టం సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనిష్ఠంగా ఉండి, ఆపైన మళ్లీ పెరుగుతుంది. ఆ గీత దాటితే వేడి నష్టాన్ని, నష్టం వేడిని పెంచుకుంటూ పోతాయి. నేను మొదట్లో ఐదారు సెకన్లు కీ నొక్కి చూసి సరే అనుకునేవాణ్ణి. కానీ ఒక్క డబ్ల్యూఎస్‌పీఆర్ (బలహీన సంకేతాల డిజిటల్ విధానం) ప్రసారమే దాదాపు రెండు నిమిషాలు. పరీక్ష కూడా అంతసేపు, పదేపదే చేయాలి.

లోడ్ లేకపోయినా ఎఫ్ఈటీలు ఎక్కువ కరెంటు లాగుతున్నాయి

ఇండక్టెన్స్ చాలడం లేదు. వైండింగ్ రియాక్టెన్స్ (ఏసీకి దాని ఇండక్టెన్స్ చూపే అడ్డు) దాని లోడ్‌కు కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి. హెచ్ఎఫ్‌లో (3-30 మెగాహెర్ట్జ్) మంచి పేరున్న 43 మిక్స్ అనే ఫెర్రైట్ రకం ఇక్కడ తరచూ నిరాశపరుస్తుంది: దాని పర్మియబిలిటీ (ఫ్లక్స్‌ను సులువుగా పోనిచ్చే గుణం) 800, సాచురేషన్ కూడా తక్కువ. మాంగనీస్-జింక్ రకాలైన 77, ఎన్87, 3సి90లకు పర్మియబిలిటీ 2000 లేదా ఆపైన. 137కు ఇవే తీసుకోండి. 472కు 3ఎఫ్3 ఇంకా మేలు.

పాత పవర్ సప్లై నుంచి తీసిన కోరా? మధ్య కాలులో ఎయిర్ గ్యాప్ ఉందేమో చూడండి. పది చుట్లు వేసి ఎల్‌సీఆర్ మీటర్‌తో ఇండక్టెన్స్ కొలిస్తే తెలిసిపోతుంది. గ్యాప్ లేని ఈటీడీ49 సుమారు 380 మైక్రోహెన్రీలు చూపాలి. పసుపు-తెలుపు టొరాయిడ్ అయితే అది ఫెర్రైటే కాదు, ఐరన్ పౌడర్. పక్కన పెట్టేయండి.

లోడ్ పెడితేనే వేడెక్కుతోంది

తీగ నష్టం. 137 కిలోహెర్ట్జ్‌లో కరెంటు రాగి పైపొరలో 0.18 మిల్లీమీటర్ల లోతులోనే ఎక్కువగా పారుతుంది. లావు తీగ కాకుండా లిట్జ్ (విడివిడిగా ఇన్సులేట్ చేసిన సన్న తీగల కట్ట) వాడండి, లేదా సన్న ఎనామెల్ తీగలు మెలివేసి చుట్టండి.

చుట్ల మధ్య అకారణంగా షార్ట్

మాంగనీస్-జింక్ ఫెర్రైట్ కొంత కరెంటును పోనిస్తుంది. పూత లేని కోర్ అంచు ఎనామెల్‌ను గీరితే షార్ట్ కోర్ గుండా వెళ్తుంది. ముందే అంచులు నున్నగా చేసి, వేడికి తట్టుకునే టేప్ రెండు వరసలు చుట్టండి.