అల్కొబాసా మఠాన్ని తీరిగ్గా చూడటం ఎలా?

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో బయలుదేరే టూరిస్టు బస్సులు ఫాతిమా, బటాల్యా, నజరే అనే ఊళ్లతో పాటు అల్కొబాసానూ ఒక్క రోజులోనే చుట్టబెట్టేస్తాయి. దయచేసి అలా వెళ్లకండి. పోర్చుగల్ తొలి రాజు అఫొన్సో హెన్రిక్స్ 1153లో సిస్టర్సియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులకు ఈ నేలను దానమిచ్చాడు. మఠం చుట్టూ ఊరు పెరిగింది. ఇక్కడ ఒక రాత్రి ఉంటేనే ఆ ఊరు కాస్తయినా మన మనసుకు అందుతుంది.

1. లిస్బన్‌లోని సెతె రియుష్ బస్టాండు నుంచి బస్సు ఎక్కండి. ప్రయాణం సుమారు రెండు గంటలు. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. జనవరి 1, ఈస్టర్ ఆదివారం, మే 1, ఆగస్టు 20, డిసెంబరు 25 తేదీల్లో మఠానికి సెలవు.

2. పొద్దున తలుపులు తెరవగానే చర్చిలోకి వెళ్లండి. ముందు గోడ నిండా శిల్పాల ఆర్భాటం ఉంటుంది. లోపల మాత్రం బొమ్మా లేదు, రంగూ లేదు. వంద మీటర్లు దాటిన పొడవునా బారులు తీరిన తెల్లరాతి స్తంభాలే. నిరాడంబరంగా బతకాలన్నది ఆ సన్యాసుల నియమం.

3. నేరుగా సమాధుల దగ్గరికి నడవండి. యువరాజు పేద్రో ప్రేమించిన ఇనేస్ ది కాస్ట్రోను అతని తండ్రే 1355లో చంపించాడు. పేద్రో రాజయ్యాక ఇద్దరికీ రాతి సమాధులు చెక్కించాడు. ఇప్పుడవి ఎదురెదురుగా ఉన్నాయి, పాదాలు పాదాల వైపు. చనిపోయినవారంతా లేస్తారని క్రైస్తవులు నమ్మే తీర్పు దినాన, లేచి కూర్చోగానే ఒకరికొకరు కనబడాలని అలా ఉంచారని చెబుతారు. ఇనేస్ సమాధి పాదాల వైపు వంగి చూడండి: అదే తీర్పు దినం రాతిలో కనబడుతుంది. సమాధిని మోస్తున్న మృగాలకు మనిషి ముఖాలున్నాయి. ఆమె తల చుట్టూ దేవదూతలు, ఒత్తిగిల్లకుండా పట్టుకున్నట్టు. 1810-11లో దండెత్తి వచ్చిన ఫ్రెంచి సైనికులు పగలగొట్టిన చోట్లు కూడా తెలుస్తాయి. నేనైతే ఇక్కడే అరగంట నిలబడమంటాను.

4. తర్వాత టికెట్ తీసుకుని మఠం లోపలికి వెళ్లండి. వంటగదిని వదలవద్దు. పలకలు పరిచిన పొగగొట్టం కింద నిలబడి తలెత్తితే ఆకాశం చిన్న ముక్కలా కనబడుతుంది. అల్కోవా నది నీటిని కాలువ తవ్వి ఆ గదిలోకే తెచ్చుకున్నారు. భోజనశాల గోడలోనే మెట్లు కట్టి, పైన ఒక వేదిక ఉంచారు. అందరూ మౌనంగా తింటుంటే ఒకరు అక్కడ నిలబడి పవిత్ర గ్రంథం చదివేవారు.

5. మఠానికి ఎదురుగా మిఠాయి దుకాణాలున్నాయి. ఇక్కడి మిఠాయిల్లో చాలావరకు గుడ్డు పచ్చసొన ఉంటుంది, తినని వారు ముందే అడగండి.

6. తిరుగు ప్రయాణానికి ముందు ఈ ఊరి అద్దకపు నూలు బట్ట చూడండి. వెడల్పాటి చారలు, పూలు, పక్షులు. భారతదేశం నుంచి పోర్చుగీసు ఓడల్లో వెళ్లిన అద్దకపు బట్టలే దీనికి మూలం. మన పెద్దలు చీటిగుడ్డ అన్నదానికి ఇది చుట్టమే. దుకాణంలో ‘షిత ది అల్కొబాసా’ అని అడగండి, తీసి చూపిస్తారు.