ఐదు కోట్లు దాటిన వ్యాపారికి ఈ-ఇన్‌వాయిస్: సరుకు కదలకముందే చేయవలసిన పని

కేంద్ర జీఎస్టీ నిబంధనల్లో 48(4) కింద ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు) ఇవ్వవలసిన వ్యాపారి మామూలు బిల్లు రాసి ఇస్తే, 48(5) ప్రకారం అది బిల్లుగానే చెల్లదు. అమ్మినవారికి జీఎస్టీ చట్టం 122వ సెక్షన్ కింద పదివేల రూపాయలు లేదా పన్ను మొత్తం, ఏది ఎక్కువైతే అంత జరిమానా పడే అవకాశం ఉంది. కొన్నవారికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును తమ పన్నులో సర్దుకునే వీలు) చిక్కుల్లో పడుతుంది. జరిమానా ఒకసారి కట్టి ఊరుకోవచ్చు గాని, క్రెడిట్ పోయిన కొనుగోలుదారు మళ్ళీ మీ దగ్గరికి రాడు. అందుకే ఈ పనిని ఆడిటర్‌కు వదిలేయకుండా, బిల్లు కొట్టే కౌంటర్ దగ్గరే పూర్తి చేయాలని గట్టిగా చెబుతున్నాను.

ముందుగా ఈ నిబంధన మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలైన ఈ విధానం దశలవారీగా దిగివచ్చి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవారందరికీ తప్పనిసరి అయింది. చాలామంది పొరబడేది ఇక్కడే. 2017-18 నుంచి గడిచిన ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో 5 కోట్లు దాటినా, ఆ తర్వాత వ్యాపారం తగ్గినా, బాధ్యత మీదే. పైగా ఆ లెక్క పాన్ మీద వేస్తారు గాని జీఎస్టీ నంబరు మీద కాదు. హైదరాబాదు దుకాణంలో 3 కోట్లు, విజయవాడ శాఖలో రెండున్నర కోట్లు అమ్మితే, 36తో మొదలయ్యే తెలంగాణ నంబరుకూ 37తో మొదలయ్యే ఆంధ్రప్రదేశ్ నంబరుకూ రెంటికీ ఈ-ఇన్‌వాయిస్ వర్తిస్తుంది. పన్ను మినహాయింపు ఉన్న సరుకు అమ్మకాలు, ఎగుమతులు కూడా ఈ మొత్తంలో కలుస్తాయి. బ్యాంకులు, బీమా సంస్థలు, సరుకు రవాణా ఏజెన్సీలు, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) యూనిట్ల వంటి కొందరికి మాత్రం మినహాయింపు ఉంది.

జీఎస్టీ నంబరున్న కొనుగోలుదారుకు ఇచ్చే పన్ను బిల్లులు, ఎగుమతి బిల్లులు, సెజ్‌కు పంపే సరుకు బిల్లులు, వాటికి సంబంధించిన క్రెడిట్, డెబిట్ నోట్లు దీని పరిధిలోకి వస్తాయి. నంబరు లేని వినియోగదారుడికి ఇచ్చే చిల్లర బిల్లుకు ఐఆర్ఎన్ (ఈ-ఇన్‌వాయిస్‌కు పోర్టల్ ఇచ్చే నమోదు సంఖ్య) అక్కరలేదు. హైదరాబాదు నుంచి మీ విజయవాడ శాఖకే సరుకు పంపినా, నంబర్లు వేరు కనుక అది కూడా సరఫరాయే. దానికీ ఈ-ఇన్‌వాయిస్ తీయాలి.

ఇక తీసే విధానం. బిల్లు వివరాలను నిర్ణీత జేసన్ (కంప్యూటర్ చదవగలిగే ఫైలు) రూపంలో ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు పంపితే, అది సరిచూసి 64 అక్షరాల ఐఆర్ఎన్‌ను, డిజిటల్ సంతకం ఉన్న క్యూఆర్ కోడ్‌ను తిరిగి పంపుతుంది. ట్యాలీ వంటి సాఫ్ట్‌వేర్ ఈ పని తెరపైనే చేస్తుంది. అది లేనివారు పోర్టల్‌లో దొరికే ఎక్సెల్ పనిముట్టుతో జేసన్ తయారు చేసి అప్‌లోడ్ చేయవచ్చు. క్యూఆర్ కోడ్ బిల్లుపై స్పష్టంగా అచ్చు పడాలి. పంపేముందు నాలుగు విషయాలు సరిచూసుకోండి: కొనుగోలుదారు జీఎస్టీ నంబరు చెల్లుబాటులో ఉందా, పిన్‌కోడ్ ఆ రాష్ట్రానికి సరిపోతుందా, సరుకు రకాన్ని తెలిపే హెచ్ఎస్ఎన్ కోడ్ ఆరు అంకెలు ఉందా, బిల్లు నంబరు 16 అక్షరాలలోపే ఉందా. బిల్లు నంబరు సున్నాతో గాని, గీతతో గాని మొదలైతే పోర్టల్ తిరస్కరిస్తుంది.

మధ్యలో నెట్ పోయి మళ్ళీ పంపినప్పుడు 2150 అనే దోష సంఖ్య కనిపిస్తే కంగారుపడి కొత్త నంబరుతో ఇంకో బిల్లు కొట్టకండి. ఆ బిల్లుకు ఐఆర్ఎన్ ఇప్పటికే పుట్టిందని దాని అర్థం. పోర్టల్ నుంచి దాన్నే తెచ్చుకుంటే సరిపోతుంది. కొత్త బిల్లు కొడితే ఒకే సరుకుకు రెండు అమ్మకాలు మీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లోకి వెళ్ళిపోతాయి, ఎందుకంటే పోర్టల్ ఈ వివరాలను ఆ రిటర్నులో తానే నింపుతుంది.

గడువు సంగతి. టర్నోవరు 10 కోట్లు, ఆపైన ఉన్నవారు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా నమోదు చేయకపోతే, 2025 ఏప్రిల్ 1 నుంచి పోర్టల్ ఆ బిల్లును స్వీకరించదు. ఈ ముప్పై రోజులను వెసులుబాటుగా భావించడం ప్రమాదకరం. గుంటూరులో మిర్చి టిక్కీలు లారీకి ఎక్కించి, ఐఆర్ఎన్ లేని బిల్లు డ్రైవరు చేతికిస్తే, దారిలో తనిఖీ అధికారి దృష్టిలో ఆ లారీ బిల్లు లేకుండా వెళుతున్నట్టే.

తప్పు దొర్లితే ఐఆర్ఎన్‌ను 24 గంటల్లోగా రద్దు చేయవచ్చు. అయితే బిల్లు మొత్తాన్నీ రద్దు చేయాలి, ఒక్క వరుసను దిద్దడం కుదరదు. దానిపై ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే ఎలక్ట్రానిక్ పత్రం) అమల్లో ఉంటే ముందు దాన్ని రద్దు చేశాకే ఇది సాధ్యమవుతుంది. రద్దయిన బిల్లు నంబరును మళ్ళీ వాడకూడదు. 24 గంటలు దాటితే క్రెడిట్ నోట్ ఇవ్వడమే శుభ్రమైన మార్గం, దానికీ ఐఆర్ఎన్ తీయాలి.

సంతకం చేసిన జేసన్ ఫైళ్ళను పోర్టల్ ఎల్లకాలం దాచిపెట్టదు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు పద్దులు భద్రపరచవలసిన బాధ్యత వ్యాపారిదే కాబట్టి, ప్రతి నెలా జీఎస్టీఆర్-1 దాఖలు చేసే రోజునే ఆ ఫైళ్ళను దింపుకొని, దుకాణం కంప్యూటర్‌లో ఒక ప్రతి, బయట మరో ప్రతి ఉంచండి.