పాత పడవను బాగుచేసుకుందాం – మూడో పాఠం: కొనే ముందు తట్టి చూడటం

పోయిన పాఠంలో మీ చెరువుకు ఎంత పొడవు పడవ సరిపోతుందో లెక్క వేశాం. ఇద్దరు మనుషులు, వలలు, నాలుగైదు ట్రేల చేపలు పట్టాలంటే 14 నుంచి 16 అడుగుల ఫైబర్ పడవ చాలనుకున్నాం. ఇప్పుడు అలాంటి పడవ ఒకటి దొరికిందనుకుందాం. ధర్మసాగర్ కట్ట దగ్గరో, కరీంనగర్‌లో లోయర్ మానేరు ఒడ్డునో బోర్లించి ఉంది. అమ్మే అన్న పక్కనే నిలబడి "ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అంటున్నాడు. ఆ పడవ ఒంట్లో ఎంత నీరు దాగి ఉందో డబ్బులు ఇవ్వకముందే కనిపెట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

మా వైపు ఈ బేరాలు ఎక్కువగా ఎండాకాలం చివర్లో జరుగుతాయి. చెరువులు అడుగంటి పడవలు గట్టున పడి ఉంటాయి. మిరుగు (మృగశిర కార్తె) నాడు చేపలు వండని ఇల్లు తక్కువ కాబట్టి, ఆ గిరాకీ అందుకోవాలని కొనేవాళ్ళకు తొందర. నేను మొదటి పడవను ఆ తొందరలోనే కొన్నాను. 14 అడుగుల పడవ, నీలం రంగు నిగనిగలాడుతోంది. నాతో వచ్చిన పెద్దాయన యాభై ఏళ్ళు వల వేసిన మనిషి. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, "రంగు వాసనొస్తుంది బిడ్డా. ఒక్క వాన పడనియ్యి, అప్పుడు చూద్దాం" అన్నాడు. నేను ఆగలేదు. ఆగస్టులో చెరువు మత్తడి దూకుతున్న రోజుల్లో, ఒడ్డుకు చాలా దూరంలో ఉండగా, మోటారు బిగించిన వెనక పలక మూల దగ్గర విడిపోయింది. పడవలో ఇద్దరం ఉన్నాం. ఇద్దరికీ ఈత వచ్చు కాబట్టి ఈ పాఠం రాయగలుగుతున్నాను. పలక తెరిచి చూస్తే లోపలి ప్లైవుడ్ తడిసిన అటుకుల్లా చేతికి వచ్చింది. ఆ కుళ్ళు ఒక్క నెలలో పుట్టింది కాదు, కొన్న రోజే లోపల ఉంది.

అందుకే పరీక్ష వెనక పలకతో మొదలుపెట్టాలి. మోటారు పెట్టుకునేలా చేసిన ఫైబర్ పడవల్లో సాధారణంగా వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. దానికి రెండు వైపులా ఫైబర్ పొరలు వేస్తారు. బోల్టులకు వేసిన రంధ్రాలు, నీళ్ళు వదిలే బిరడా రంధ్రం ఆ ప్లైవుడ్ గుండానే వెళ్తాయి. వాటి అంచులకు రెజిన్ (ఫైబర్ పొరలను అతికించి గట్టిపడే జిగురు) పూయకుండా వదిలేస్తే అక్కడి నుంచి నీరు మెల్లగా చెక్కలోకి పాకుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతవరకు కుళ్ళు పట్టదు. రెండు ఫైబర్ పొరల మధ్య ఇరుక్కున్న తేమకు మాత్రం ఆరే దారి ఉండదు.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. ఉప్పునీళ్ళలో తిరిగిన పడవ కంటే మంచినీళ్ళ పడవ ఎక్కువ కాలం మన్నుతుందనుకుంటారు. ఇనుప మేకుల విషయంలో అది నిజం, ఉప్పు ఇనుమును త్వరగా తినేస్తుంది. చెక్క సంగతి వేరు. చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాన్ని ఉప్పు కొంత అడ్డుకుంటుంది, మంచినీళ్ళలో ఆ అడ్డు లేదు. గట్టున వెల్లకిలా వదిలేసిన పడవలో నిలిచిన వాన నీరు చెక్కకు అన్నిటికంటే చెడ్డది. కాబట్టి కాకినాడ వైపు నుంచి వచ్చిన పడవైతే బోల్టులు, ఇనుప భాగాలు ముందు చూడండి. మన చెరువులోనే పెరిగిన పడవైతే చెక్క ముందు చూడండి.

ఇక తట్టడం. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం కదా, ఇదీ అలాంటిదే. స్క్రూడ్రైవర్‌ను తిప్పి పట్టుకుని దాని పిడితో తట్టండి, లేదా ఐదు రూపాయల బిళ్ళ చాలు. నాలుగు వేళ్ళ వెడల్పుకు ఒక దెబ్బ చొప్పున, వరుస తప్పకుండా పోవాలి. పొరలు గట్టిగా అతుక్కుని ఉన్నచోట శబ్దం టంగుమని పొడిగా వస్తుంది. పొరలు విడిపోయినచోట, చెక్క మెత్తబడినచోట తడిబట్ట మీద కొట్టినట్టు డబ్‌మంటుంది. శబ్దం మారిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత పెట్టండి. గీతలన్నీ కలిపితే కుళ్ళు ఎంతవరకు పాకిందో దాని బొమ్మ కనబడుతుంది.

మొదట్లో ఒక తికమక తప్పదు. లోపల అడ్డ బద్దలు ఉన్నచోట మంచి పడవలో కూడా శబ్దం మారుతుంది. అది లోపమా, కట్టుబడా అన్న సందేహం వస్తే పడవకు అవతలి పక్క సరిగ్గా అదే చోట తట్టండి. రెండు పక్కలా ఒకేలా ఉంటే అది కట్టుబడి. ఒక పక్కే మొద్దుగా ఉంటే అనుమానించండి. నేను ఇప్పటికీ ప్రతి పడవనూ ఇలా జంటలుగానే తడతాను. శబ్దాన్ని గుర్తుపెట్టుకోవడం కంటే పక్కపక్కనే పోల్చడం చెవికి సులువు.

తర్వాత మోటారు పట్టే చోట రెండు చేతులూ వేసి మీ బరువంతా కిందికి ఆనించండి. పలక పక్క గోడలను కలిసే మూలలు చూస్తూ ఉండమని ఇంకొకరికి చెప్పండి. అక్కడ సన్నటి పగులు తెరుచుకుని మూసుకుంటే లోపలి చెక్క బలం పోయినట్టే. ఆఖరి పరీక్షకు అమ్మేవాళ్ళ అనుమతి తీసుకోవాలి. లోపలి వైపు నుంచి, పలక అడుగు భాగంలో, 3 మిల్లీమీటర్ల బిట్‌తో చిన్న రంధ్రం వేసి రజను చూడండి. పొడిగా, లేత రంగులో పొట్టులా రాలితే మంచిది. నల్లగా, ముద్దగా, పుట్టగొడుగు వాసనతో వస్తే పలక మార్చాల్సిందే. రంధ్రం అవతలి ఫైబర్ దాకా పోకుండా బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. చూశాక ఆ రంధ్రాన్ని రెజిన్‌తో మూసి ఇవ్వడం మన బాధ్యత. అనుమతి ఇవ్వకపోతే చెక్క పోయిందనే లెక్కతోనే బేరం ఆడండి.

అడుగు భాగానికి పొద్దున్నే వెళ్ళాలి. ఏటవాలు ఎండలో పక్క నుంచి చూస్తే పాత అతుకులు, సొట్టలు అలల్లా కనిపిస్తాయి. మధ్యాహ్నపు ఎండలో ఏమీ తెలియదు. మన చెరువుల దగ్గర మొరం మీద, కట్ట రాళ్ళ మీద పడవను ఈడుస్తారు కాబట్టి అడుగున మధ్య గీత వెంట పైపూత అరిగిపోయి గాజు నార బయటపడి ఉంటుంది. ఆ నార దీపపు వత్తిలా నీటిని పీలుస్తుంది. చిన్న చిన్న బొబ్బలు కూడా ఉండొచ్చు, అవి మంచినీళ్ళలో ఇంకా త్వరగా వస్తాయి. గుచ్చితే వెనిగర్‌లాంటి పుల్లటి వాసన నీరు చిమ్ముతుంది, కళ్ళద్దాలు పెట్టుకుని గుచ్చండి. పది ఇరవై బొబ్బలకు భయపడి పడవను వదులుకోవద్దు, అవి ఓపికతో మానేవే. పగులు మీద అరచేత్తో నొక్కినప్పుడు అది కదిలితే మాత్రం లోతైన దెబ్బ.

బరువు చూడటం ఎవరూ చేయరు, నాకైతే ఇది చాలా నమ్మకమైన పరీక్ష. తేలడానికి కింది అరల్లో నింపిన ఫోమ్ ఏళ్ళ తరబడి నీటిలో నానితే నీటిని పట్టుకుంటుంది. ఒక ఘనపు అడుగు నీరు 28 కిలోలు. రెండు ఘనపు అడుగుల ఫోమ్ పూర్తిగా నానితే ఎప్పుడూ దిగని ఒక మనిషిని ఎక్కించుకుని తిరుగుతున్నట్టే. పడవను ట్రాలీ మీద పెట్టి రైస్‌మిల్లు దగ్గరి ధర్మకాంటాకు తీసుకెళ్ళండి. ట్రాలీ బరువు తీసేసి, అదే అచ్చులో పోసిన ఇంకో పడవ బరువుతో పోల్చండి. కాంటా పది కిలోలు అటూ ఇటూ చూపినా యాభై కిలోల తేడా దాగదు.

చిల్లులు తెలియాలంటే నీళ్ళు లోపల పోయాలి. పడవను వెల్లకిలా తిప్పి, అడుగంతా ఆనేలా ఇసుక బస్తాలు పెట్టి, 5 సెంటీమీటర్లు మాత్రమే నింపండి. 16 అడుగుల పడవలో ఆ కాస్త నీరే 250 కిలోలు దాటవచ్చు, కాబట్టి నిండా పోయకండి. గంట తర్వాత బయటి వైపు తడి ఎక్కడుందో చూసి గీత పెట్టండి.

నాటు చెక్క పడవ కొనేవాళ్ళకు రెండు మాటలు. ఎండకు పలకల మధ్య సందులు తెరుచుకుంటే కంగారు వద్దు, నానితే మూసుకుంటాయి. స్క్రూడ్రైవర్ మొన ఎక్కడైనా వెన్నలో దిగినట్టు దిగితే ఆ పలక, దాని పక్క పలక రెండూ మార్చాలి.

ఇప్పుడు బేరం లెక్క. వెనక పలక మార్చాలనుకుందాం. 1.2 మీటర్ల వెడల్పు, అర మీటరు ఎత్తు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు ముక్కలు అతికిస్తే 36 అవుతుంది, 8×4 అడుగుల షీటులో సగం సరిపోతుంది. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అదే మెరైన్ ప్లైవుడ్. దుకాణంలో "వాటర్‌ప్రూఫే" అంటూ ఐఎస్ 303 ఇస్తే తీసుకోకండి, అది ఇంట్లో అల్మారాలకు. లోపలి వైపు చదరపు మీటరుకు 450 గ్రాముల గాజు మ్యాట్ మూడు పొరలు వేయాలి. అంచులతో కలిపి కిలో మ్యాట్, దానికి రెండున్నర కిలోల రెజిన్, రెజిన్‌లో 1 నుంచి 2 శాతం హార్డెనర్, అంటే రెజిన్‌ను గట్టిపరిచే మందు. రెజిన్‌తో పాటు యాక్సిలరేటర్ (గట్టిపడటాన్ని వేగం చేసే మందు) విడిగా ఇస్తే ఒక్క మాట ప్రాణంలా గుర్తుపెట్టుకోండి. యాక్సిలరేటర్‌ను, హార్డెనర్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ఎలా కలపాలో తర్వాతి పాఠంలో చూపిస్తాను. వీటి ధరలు మీ ఊరి దుకాణంలో అడిగి, నాలుగు రోజుల కూలీ కలిపి, ఆ మొత్తాన్ని అడిగిన ధరలోంచి తీసేయండి. సుద్ద గీతలు చూపించి మాట్లాడితే అమ్మేవాళ్ళు కూడా కాదనలేరు.

డబ్బులు ఇచ్చే ముందు ఆ పడవ ఆ మనిషిదో, మత్స్య సహకార సంఘానిదో కనుక్కోండి. సంఘానిదైతే ఒక్క సభ్యుడి మాట మీద కొనకండి, తీర్మానం కాగితం అడగండి.

ఈ వారం అభ్యాసం: మీకు దగ్గరి చెరువు కట్టకు సుద్దముక్క, స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్ళండి. అక్కడి గంగపుత్రుల్నో ముదిరాజ్ అన్నల్నో అడిగి, బాగా నడుస్తున్న పడవ ఒకటి, మూలన పడేసిన పడవ ఒకటి తట్టండి. మంచిదాన్ని ముందు తట్టండి, చెవికి ఆ శబ్దం అలవాటు కావాలి. రెండో పడవ మీద గీతలు పెట్టి, అవి వానకు చెరగకముందే ఫొటో తీసుకోండి. నాలుగో పాఠంలో ఆ గీతల వెంటే పలకను కోసి తెరుస్తాం.